గులాబీ రాళ్ల గిలక పాము

వెండెల్ యార్‌బ్రో అరిజోనా కొండల మనిషి. పోస్టు బండి తోలేవాడు. సెలవు దొరికితే చాలు, తోక గలగలలాడించే విషపు గిలక పాముల్ని చూడటానికి కొండెక్కేవాడు. పట్టడు, కొట్టడు, దూరంగా కూర్చుని చూస్తాడు, అంతే. ఆకుపచ్చ మేను, నల్లటి పట్టెలతో ఉండే తమ వైపు పామంత అందగత్తె లోకంలో లేదని అతని నమ్మకం. భార్య లురెట్టాది పశ్చిమ టెక్సాస్. అక్కడి పాముదీ అదే జాతి గానీ ఉపజాతి వేరు. పట్టెలు మసకబారి, ఒంటినిండా చుక్కలతో, అక్కడి రాళ్లలాగే గులాబీ రంగులో ఉంటుంది.

"మీ వైపువీ పాములేనా? ఎండకు వెలిసిన దుప్పట్లు!" అనేవాడు.

"ముందొకదాన్ని కనిపెట్టు, తర్వాత వంకలు పెడుదువుగాని," అనేదామె.

ఆగస్టులో మరదలి పెళ్లికని అత్తారింటికి వెళ్లారు. వాన వెలిసి ఎండ కాసింది. పాములు బయటికొచ్చే వేళ! కొత్త సూటులోనే వెండెల్ ఇంటి వెనక వాగువైపు జారుకున్నాడు. వాగు దాటబోయి కాలుజారి నడుందాకా తడిశాడు. ప్యాంటు విప్పి బండమీద ఆరేసి, ఎదురుగా డ్రాయరుతో కూర్చుని, కళ్లు కాయలు కాసేలా వెతికాడు. ఒక్కటీ కనబడలేదు.

విసుగెత్తి ప్యాంటు అందుకోబోయాడు. గలగలమని మోత! ప్యాంటు నీడలో, బండలో బండగా కలిసిపోయి, చుట్ట చుట్టుకుని ఉందది. వెండెల్ ఒక్క గంతులో వెనక్కి పడ్డాడు. పాము గిలక ఆపేసింది గానీ కదల్లేదు. భయం తగ్గాక తేరిపార చూశాడు. రాతిమీది మచ్చలన్నీ దాని ఒంటిమీదా ఉన్నాయి. పెళ్లి సంగతే మరిచిపోయాడు.

చివరికి లురెట్టా, ఆమె తమ్ముడు డబ్ వెతుక్కుంటూ వచ్చారు.

"ఏం బావా, పాదిరి ముందుకు ఇలాగే వస్తావా?"

"ష్! ప్యాంటు కింద పాముంది."

"అయితే దులిపి తొడుక్కో."

"అది హాయిగా పడుకుంటే లేపమంటావేంట్రా?"

లురెట్టా కొంగలా మెడ సాచి చూసింది. "ఎలా ఉందేంటి మా ఊరి పిల్ల?"

"అబ్బ, ఏం రంగే!" అన్నాడతను, కళ్లు తిప్పకుండా.

డబ్ పరుగున వెళ్లి, మాంసం కాల్చేటప్పుడు కట్టుకునే తోలు గుడ్డ తెచ్చాడు. అది నడుముకు చుట్టుకునే వెండెల్ పెళ్లిలో వెనక వరసన నిలబడ్డాడు.

ఫోటోలు వచ్చాక పెళ్లికూతురు అడిగింది: "అక్కా, నా మొగుడికన్నా బావ మొహం అంతలా వెలిగిపోతోందేమే?"

"నీ మొగుడు నిన్ను ఎప్పట్నుంచో చూస్తున్నాడు కదే," అంది లురెట్టా. "మీ బావ దాన్ని అప్పుడే చూసొచ్చాడు."