మాయా గుడి మెట్ల దగ్గర ఆవకాయ పరువు

చెప్పడానికి సిగ్గుగానే ఉంది. మాయా గుడి మెట్ల దగ్గర కూలబడి, నాలుక బయటపెట్టి ఏడ్చిన గుంటూరువాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. నవ్వాలనిపిస్తే నవ్వుకోండి, ఏమనుకోను.

మా పెళ్లయి అప్పటికి ఏడేళ్లు. అడవిలో, మాయా జాతివాళ్లు వందల ఏళ్ల కిందట కట్టిన ఆ గుడి ఎక్కాలని నా భార్య సుధకి చిన్నప్పటి కోరిక. "ఇద్దరం కలిసే ఎక్కాలి," అంది. అమెరికాలో మేముండే ఇర్వింగ్ నుంచి బయల్దేరి, ఆ గుడి ఉన్న దేశం బెలీజ్‌లో దిగాం. వెంట ఆవకాయ సీసా.

గైడ్ డొమింగో, అరవై దాటిన పెద్దమనిషి. ఆయన్ని నోరు విప్పనిస్తేగా! వీడియోలు చూసి వచ్చిన జ్ఞానమంతా నేనే వినిపించాను.

"పాపం, మాయావాళ్లంతా ఎలా అంతరించిపోయారో!"

"నేను మాయావాణ్ణే సార్," అన్నాడాయన నెమ్మదిగా.

ఆఫీస్‌లో ఎవరైనా "మీరు ఏనుగుల మీద తిరుగుతారా?" అంటే వారం రోజులు ఉడికిపోయేవాణ్ణి. ఆ రోజు మాత్రం సిగ్గుపడాలని కూడా తోచలేదు.

గుడి కింద లంచ్‌కి కూర్చున్నాం. ఎదుటి మనిషికి పెట్టకుండా మనం తినం కదా, ఆయనకీ పెరుగన్నం పెట్టాను. "ఆవకాయ జాగ్రత్త. గుంటూరు కారం, మీరు తట్టుకోలేరు."

"నీకిది అవసరమా?" అంది సుధ తెలుగులో.

డొమింగో ముక్క నమిలి, "బాగుంది. పుల్లగా ఉంది," అన్నాడు.

పుల్లగా! ఆయన సంచిలోంచి నారింజ రంగు చిట్టి మిరపకాయ తీసి, "చివర కొంచెం కొరకండి సార్," అన్నాడు. ఊరి పరువాయె, మొత్తం నోట్లో వేసుకున్నాను.

చెవుల్లోంచి పొగలొచ్చాయి. కళ్లు కనపడలేదు. అంతలో మబ్బు పట్టింది.

"వాన పడితే ఎక్కనివ్వరు," అన్నాడు డొమింగో.

సుధ నావైపు చూసింది. లేవబోయి మళ్లీ కూలబడ్డాను. ఒక్కతే ఎక్కింది. ఏడేళ్లలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే. నోటి మంటకన్నా అదే ఎక్కువ మండింది.

డొమింగో నా పక్కనే కూర్చున్నాడు. "మిరప పుట్టింది మా వైపే సార్. మీ ఊళ్లో బాగా చూసుకుంటున్నారు. సంతోషం."

తాతకు దగ్గులు నేర్పేవాళ్లుంటారు. నేను కారం నేర్పబోయాను.

సుధ దిగివచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"పైన ఎలా ఉంది?" అన్నాను, వచ్చినంత గొంతుతో.

"ఎంత ప్రశాంతంగా ఉందో! పక్కన వివరించేవాళ్లు ఎవరూ లేరు."

కావున, మిగిలిన సగం నాలుక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ దేశంలోనూ, ఏ మనిషితోనూ, "మీరు తట్టుకోలేరు" అనను. ముఖ్యంగా సుధతో. ఏడేళ్లుగా తట్టుకుంటోంది.