సత్వా మేడమ్ ఫ్రెంచి పాట

మా మేడమ్ పోయారు. యానాంలో, వాళ్ల అక్కగారింట్లో, పొద్దున కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలి, అలాగే వెళ్లిపోయారట. ఆ కబురు నాకు చెప్పింది మా బిల్డింగు కింద కుట్టు షాపు నడిపే టైలరు భాయ్.

"అక్కా, మేడమ్ ఇంక లేరంట. యానాం నుంచి ఫోన్ వచ్చింది," అన్నాడు. "షటర్ దించేసిన. ఇయ్యాల చెయ్యి సాగుతలేదు," అని ఫోన్ పెట్టేశాడు.

దుబాయ్ వచ్చిన కొత్తలో నాకు దేరా వైపు ఒక హోటల్ రెసెప్షన్లో ఉద్యోగం. అక్కడ దిగేవాళ్లలో సగం మంది పశ్చిమ ఆఫ్రికా నుంచి బట్టలు, ఫోన్లు కొనుక్కోవడానికి వచ్చే వ్యాపారులు. వాళ్లకి ఫ్రెంచి తప్ప రాదు. నాకు ఫ్రెంచి తప్ప మిగతావి కొంచెం కొంచెం వచ్చు. వాళ్లతో నవ్వడం, చేతులు తిప్పడం, అంతే. ఫ్రెంచి నేర్చుకుంటే బాగుంటుందని మా మేనేజరు నాలుగైదుసార్లు అన్నాడు. నేనుండేది సత్వా పేటలో, మా బిల్డింగులోనే మూడో అంతస్తులో ఒక తెలుగావిడ చెబుతుందని నా రూమ్మేటు చెప్పింది.

తలుపు తీసినావిడకి అరవై దగ్గర పడుతున్నాయి. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, నేత చీర. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెల మీద, మెడకి తగిలించుకుని వాయించే హార్మోనియంలాంటి పెద్ద అకార్డియన్.

"ఏ ఊరమ్మాయ్?"

"కాకినాడండి."

"ఆయ్. మాది యానాం. లోపలికొచ్చి కూర్చో, ఈ పాట అయ్యాక మాట్లాడుకుందాం."

మా కాకినాడ పక్కనే ఉన్నా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో పెరిగిన ఊరు యానాం. ఆవిడ తండ్రి ఫ్రెంచి బడిలో చదువుకున్నాయన. ఆవిడ హార్మోనియం నేర్చుకున్నది కూడా ఆ ఇంట్లోనే. పెళ్లయ్యాక భర్తతో ఫ్రాన్సులోని మార్సెయ్ వెళ్లారు. పగలు బడిలో పాఠాలు, సాయంత్రాలు రేవు దగ్గర చిన్న చిన్న కెఫేల్లో పాటలు. ఆయన పోయాక అక్కడ ఒంటరిగా ఉండలేక, దుబాయ్‌లో ఒక స్కూల్లో పంతులమ్మగా కుదిరారు. అవునన్నదానికి ఫ్రెంచివాళ్లతో "వీ" అనేవారు, మాతో "ఆయ్" అనేవారు. రెండూ ఒకే గొంతుతో.

ఆవిడ దగ్గర వ్యాకరణం ఉండేది కాదు, పాటలుండేవి. రేవులో ఓడ కోసం చూసే హోటల్ పిల్ల, కొడుకు పేరు మర్చిపోయిన ముసలి నావికుడు, ఇలా ప్రతి పాటలో ఒక మనిషి. "మనిషి లేని వాక్యం గుర్తుండదమ్మాయ్," అనేవారు. పాత కాలపు పారిస్ కేబరే అంటే నేను పొట్టి గౌన్ల డ్యాన్సులే అనుకున్నాను. ఆవిడ నవ్వారు. చిన్న గది, పది బల్లలు, పాడేవాళ్ల ఊపిరి ముందు బల్ల వాళ్లకి తగిలేంత దగ్గర, అదీ కేబరే అన్నారు. ఆ పాటల్ని తర్వాత అల్జీరియా నుంచి, మాలి నుంచి వచ్చినవాళ్ల పిల్లలు ఎలా అందుకున్నారో, కథ కథలాగే ఉంచి దాని కింద తమ డోళ్లూ గిటార్లూ ఎలా పెట్టారో వినిపించేవారు. "కథ పారిస్‌ది. అడుగు మాత్రం ఎవరు వేస్తే వాళ్ల దేశానిది," అనేవారు.

పాడేముందు గోరువెచ్చటి జీలకర్ర నీళ్లు తాగేవారు. చెప్పులు విడిచి గానీ పాడేవారు కాదు. కళ్లు మూసుకుని పాడితే ఒప్పుకునేవారు కాదు. ఎదురుగా మనుషుల్ని పెట్టుకుని కళ్లు మూసుకోవడం మర్యాద కాదట. క్లాసు అయ్యాక పొడుగాటి ఫ్రెంచి రొట్టెని చీల్చి, వెన్న రాసి, దాని మీద ఆవకాయ పెట్టి ఇచ్చేవారు. ఇప్పటికీ నాకు రొట్టె అంటే అదే.

ఒకరోజు జాకెట్టు సరిచేయించుకోవడానికి కిందకి వెళ్లినావిడ ఎంతకీ రాలేదు. చూద్దామని వెళ్లాను. టైలరు భాయ్ ఇస్త్రీ బల్ల మీద రెండు చెక్క స్కేళ్లతో దరువు వేస్తున్నాడు. మేడమ్ జాకెట్టు సంగతి మర్చిపోయి, నిలబడి పాడుతున్నారు. భాయ్‌ది హైదరాబాద్, బార్కస్. ముత్తాత యెమెన్ నుంచి నిజాం కొలువుకి వచ్చాడట. ఆ వీధుల్లో పెళ్లి ఊరేగింపులకి వాయించే మర్ఫా డోలు భాయ్‌కి చిన్నప్పటి నుంచీ అలవాటు.

"ఇది షాదీలల్ల కొట్టేది మేడమ్. మీ ఫ్రెంచి పాటకి ఎట్ల కుదురుతది?"

"ఇప్పుడు కుదిరిందిగా నాయనా."

నెల తిరక్కుండా ఊరి నుంచి మర్ఫా తెప్పించుకున్నాడు. శుక్రవారం సాయంత్రాలు మూడో అంతస్తులో వాళ్లిద్దరూ సాధన చేసేవారు. ఎదురింటి మలయాళీ వాళ్లు మొదట్లో గోడ కొట్టేవారు. తర్వాత తలుపు తీసి వినేవారు.

మా హోటల్లో ఫ్రెంచి భోజనాల వారం పెట్టినప్పుడు మేడమ్ గురించి మేనేజరుకి చెప్పింది నేనే. ఆవిడ పాట విని సంతోషించాడు. డోలు సంగతి తెలిసి మొహం మాడ్చాడు. "ఇదేమన్నా పెళ్లి ఊరేగింపా? వచ్చేవాళ్లు పారిస్ కోసం వస్తారు. స్టేజీ మీద ఆవిడ ఒక్కతే ఉండాలి," అన్నాడు. అదే మాట మేడమ్‌కి చెప్పాను.

"ఆయ్. స్టేజీ మీద నేనొక్కదాన్నే ఉంటానని చెప్పు," అన్నారు.

ఆ సాయంత్రం భాయ్ తను కుట్టుకున్న కొత్త సూటు వేసుకుని, మర్ఫా పట్టుకుని వచ్చాడు. సెక్యూరిటీ వాళ్లు వంటింటి తలుపు పక్కన నిలబెట్టారు. మేడమ్ స్టేజీ ఎక్కి ఒక పాత పాట పాడారు. జనం మర్యాదగా చప్పట్లు కొట్టి మళ్లీ ఫోర్కులు అందుకున్నారు. రెండో పాట మొదలుపెడుతూ ఆవిడ చెప్పులు విడిచి, అకార్డియన్‌తో సహా మెట్లు దిగిపోయారు. ఒక్కో బల్ల దగ్గర ఆగి, ఒక్కో మొహంలోకి చూసి పాడుతూ వంటింటి తలుపు దాకా నడిచారు.

"కొట్టు నాయనా," అన్నారు.

భాయ్ నా వైపు చూశాడు. నేను మేనేజరు వైపు చూశాను. వద్దని తల ఊపుతున్నాడు. అప్పటికి మా ఇంట్లో నా జీతం మీదే తమ్ముడి చదువు నడుస్తోంది. ఖాళీ బల్ల దగ్గరి కుర్చీ ఒకటి తెచ్చి, బల్లల మధ్య భాయ్‌కి వేశాను.

ఆ రెండో పాట ఆవిడ సొంతంగా కట్టుకున్నది. గోదావరి దాటడానికి రేవులో కూర్చున్న పిల్ల కథ. చరణాలన్నీ ఫ్రెంచి, పల్లవి ఒక్కటే తెలుగు: "అవతలి ఒడ్డున అమ్మమ్మ ఉంది, పడవ ఇంకా రాలేదు." మర్ఫా అందుకోగానే మాలి నుంచి వచ్చిన ఒక వ్యాపారస్తురాలు లేచి చప్పట్లతో దరువు కలిపింది. పక్క బల్ల ముసలి ఫ్రెంచి దొర ఫోర్కు కింద పెట్టేశాడు. మూడోసారికి ఆ పల్లవిని అర్థం తెలియని వాళ్లందరూ పాడుతున్నారు. గిన్నెలు కడిగే మన కరీంనగర్ అబ్బాయిలు తడి చేతులతోనే తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు. అక్కడ అర్థం తెలిసి విన్నది మేమే.

"ఖలాస్. ఇంక ఆవిడ రాకూడదు," అన్నాడు మేనేజరు మర్నాడు. నన్ను తీసెయ్యలేదు గానీ చాలాకాలం వెనకాఫీసులో కూర్చోబెట్టాడు. ఆ సంగతి తెలిసి మేడమ్ మా గదికి వచ్చారు.

"నీ ఉద్యోగం పోతే ఏం చేద్దువే?"

"పోలేదు కదండీ."

"పోతుందని తెలిసే కుర్చీ వేశావు," అన్నారు. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. అప్పటి నుంచి ఎవరికి పరిచయం చేసినా "ఈ అమ్మాయి మా బ్యాండులో మనిషి," అనేవారు. నాకు చప్పట్లు కూడా తాళంలో రావు.

ఆ సాయంత్రం విన్నవాళ్లలో ఒక ఫ్రెంచావిడకి చిన్న హాలు ఉంది. నెలకోసారి అక్కడ పాడమని పిలిచింది. కొన్నాళ్లకి ట్యునీషియా ఆయనొకడు ఊద్ అనే అరబ్బుల తీగల వాద్యం వాయిస్తూ కలిశాడు. అలా ఏళ్లు గడిచాయి. ఇది ఫ్రెంచి సంగీతమా, ఇండియాదా అని ఒకసారి హాల్లో ఎవరో అడిగారు. "ఫ్రెంచి పాటే. నేను ఫ్రెంచి మాట్లాడే తెలుగుదాన్ని. ఈయన తెలుగు మాట్లాడే యెమెన్ వాళ్ల మునిమనవడు. మేం పాడితే ఇలాగే ఉంటుంది," అన్నారు. అందులో పొగరు లేదు. ఉన్నమాట చెబుతున్నట్టు చెప్పారు.

తర్వాత గొంతులో గడ్డ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక గుసగుస తప్ప మిగల్లేదు. ఇక పాట మాట ఎత్తకూడదని మేమంతా అనుకున్నాం. ఆవిడే ఎత్తారు. "ఈ పాటల్లో సగం మాటలేనమ్మాయ్. ఆ సగం నా దగ్గరుంది," అన్నారు. చివరి కచేరీలో అకార్డియన్ లేకుండా స్టూలు మీద కూర్చుని పాటల్ని కథల్లా చెప్పారు. ఆ గుసగుస మునిగిపోకుండా భాయ్ మర్ఫా మీద షాపు నుంచి తెచ్చిన మెత్తటి గుడ్డ మడతపెట్టి వేసి, వేళ్లతో వాయించాడు. హాల్లో ఎవరూ కుర్చీ కూడా కదపలేదు. ఆవిడ అంత బాగా పాడగా నేనెప్పుడూ వినలేదు.

అక్క దగ్గరికి వెళ్లిపోతానన్నప్పుడు ఎయిర్‌పోర్టుకి నేనూ భాయ్ వెళ్లాం. నడవలేకపోతున్నారని వీల్ చైర్ అడిగాం. తోయడానికి వచ్చిన కుర్రవాడు కామెరూన్ వాడు. ఆవిడ ఫ్రెంచిలో ఏదో అడిగారు. వాడు నవ్వాడు, సిగ్గుపడ్డాడు, కుర్చీ తోస్తూ వాళ్ల ఊరి పాటేదో సన్నగా అందుకున్నాడు. ఆవిడకి ఆ పాట రాదు. రెండు వరుసలు విని, మూడోదానికి తల వెనక్కి తిప్పి, వాడి మొహంలోకి చూస్తూ పాటతో పాటు పెదవులు కదిపారు. మాకు ఆవిడ గొంతు వినబడలేదు. పొడుగాటి ఆ నడవాలో జనం పక్కకి తప్పుకుని దారిస్తున్నారు. కుర్రవాడు తొందరపడకుండా, పాట ఎంత మెల్లగా నడుస్తోందో అంత మెల్లగా కుర్చీని తోసుకుంటూ వెళ్తున్నాడు.