కోట తలుపు అవతల

నౌకాదళం వదిలి కోవిల్‌పట్టికి తిరిగొచ్చాక నాకు నవల రాసే పిచ్చి పట్టింది. పాళెగాళ్ల కాలం, ఒక మట్టికోట, దాని ముట్టడి, అదీ కథ. ఈ వైపు మా ఇళ్లలో తెలుగు మాట్లాడతారే గాని చదవడం, రాయడం ఎవరికీ రాదు. నేను విశాఖపట్నంలో పనిచేసిన రోజుల్లో అక్షరాలు దిద్దుకున్నాను. ఆ గర్వం కాస్త ఎక్కువే నాకు. తమిళంలో రాయవయ్యా, నలుగురూ చదువుతారని మావాళ్లు మొత్తుకున్నా వినలేదు. వింటామన్న ప్రతివాడినీ ఎదురుగా కూర్చోబెట్టి నేనే చదివేవాణ్ణి.

అందరూ మెచ్చుకున్నది ఒక్కటే అధ్యాయం. శత్రువులు ముంచుకొస్తుంటే దళపతి కోట తలుపు మూయిస్తాడు. ఒక సిపాయి బయటే ఉండిపోతాడు. తలుపు తడతాడు, తర్వాత తనే, నా కోసం చూడొద్దు, మూసే ఉంచండని అరుస్తాడు. ఇది విని మా బావ కళ్లు తుడుచుకున్నాడు. నేను పొంగిపోయాను, సిగ్గులేని మనిషిని.

ఎందుకంటే అది కోట కాదు, ఓడ. అడుగు గదిలో గొట్టం పగిలి సముద్రం లోపలికొచ్చింది. పై మూత బిగించమని ఆజ్ఞ ఇచ్చింది నేను. లోపల ఒక ఇంజను మెకానిక్ ఉండిపోయాడు. విరుదునగరం వాడు, ఆ ఓడలో నాతో ఇంటి తెలుగు మాట్లాడే ఒకే ఒక్కడు. మూయకపోతే ఓడంతా పోయేది. విచారణలో నా తప్పు లేదని తేల్చారు. తల్లి పోతే వాణ్ణి పెంచింది అక్క. నీళ్లు రాకముందే తలకు దెబ్బ తగిలి తెలివి తప్పిందని, వాడికేమీ తెలియలేదని ఆమెతో చెప్పాను.

మొన్న వేసవిలో ఆమె కబురు పంపింది, మన మాటలో కత రాస్తున్నావట, వినిపించిపొమ్మని. మధ్యాహ్నం విరుదునగరంలో ఆమె ఇంటికి వెళ్లాను. బుద్ధి ఉన్నవాడైతే ఇంకేదైనా అధ్యాయం తీస్తాడు. మెప్పుకు అలవాటు పడ్డ నేను ఆ అధ్యాయమే తీశాను. సముద్రాన్ని నల్లరేగడి చేశాను, నీళ్లను శత్రువులు చేశాను, ఇక ఎవరు కనిపెడతారులే అనుకున్నాను.

సిపాయి తలుపు తట్టే చోటికి వచ్చేసరికి కరెంటు పోయి వీధిలో మరమగ్గాలు ఆగిపోయాయి. రక్తి కట్టించాలని వేళ్లతో బల్ల మీద తట్టి చూపించాను. వెంటవెంటనే రెండు, కాస్త ఆగి ఒకటి.

ఆమె ఇంకో తూరి తట్టమంది. తట్టాను.

"మావోడు ఇంటికొస్తే ఇట్లనే తట్టేది," అంది.

ఆ సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్లుగా చెవిలో ఉన్న చప్పుడు, ఉన్నది ఉన్నట్టు రాసేశానంతే.

"తెలివి తప్పినాడంటివే తమ్ముడా?"

"అబద్ధం చెప్పినానక్కా."

"మూసేయమని వాడే అనినాడా?"

"లేదు. అది నేను రాసుకున్నది. వాడు తట్టతానే ఉండినాడు."

ఎంతసేపని అడిగింది. పదకొండు నిమిషాలని చెప్పాను. ఆ రోజు మూత దగ్గర నిలబడి గడియారం చూశాను. ఇంకేం చేయాలో తోచలేదు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండును అనిపించింది. ఇంతలో కరెంటు వచ్చి మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. వినబడాలని ఆమె నా దగ్గరికి వంగింది.

"చానా దినాలు ఆ మూడోది తట్టేలోపలే తలుపు తీసేస్తా ఉంటిని," అంది.

తిరుగు బస్సులో ఆ సిపాయి అరుపును కొట్టేశాను. ఇప్పుడు వాడు ఏమీ అనడు, తడుతూనే ఉంటాడు. మావాళ్లకు ఆ అధ్యాయం నచ్చడం మానేసింది. దాన్ని విరుదునగరం వెళ్లి ఆమెకు చదివి వినిపించాలి. ఆమె ఇంటి తలుపు తట్టాలంటే నాకు చెయ్యి రావడం లేదు.