మూడో పోగు, ఐదో పేక

మా మనవరాలి ఫోన్‌లో ఒక ఆట ఉంది. తెర నిండా గళ్లు, నడుమ సున్నా. ఓడ మీదికి నిప్పురాయి వస్తుంటుంది. దాన్ని ఎక్కడ కొట్టాలో రెండు అంకెలు చెబుతాయి. రెప్పపాటులో ఆ చోట వేలు పెట్టకపోతే ఓడ బద్దలు. అందులో నేను పన్నెండో మెట్టు దాకా ఎక్కాను. సరే, మూడో మెట్టు. అదీ పిల్ల నా వేలు పట్టుకుని నొక్కిస్తే.

పిల్ల తొమ్మిదో తరగతి. లెక్కల పరీక్ష తప్పింది, సాధన చేయమని సారే ఈ ఆట ఎక్కించి ఇచ్చాడు. సోమవారం మళ్లీ పరీక్ష. శనివారం మధ్యాహ్నం ఓడ ఏడోసారి పగిలేసరికి ఫోన్ బోర్లించింది.

"నేను పరీక్షకు పోను తాతా. నీకు నూటికి నూరొచ్చినయంటివి. నాకే తలకాయ లేదు."

ఆ నూరు నేను ఏళ్ల తరబడి చెప్పిన మాట. చెప్పినప్పుడల్లా పెరిగింది. నన్ను మెచ్చుకోవడానికి బడుల ఇన్‌స్పెక్టర్ వచ్చాడన్నాను. పోయినేడు ఆయనకు జీపు కూడా ఇచ్చాను.

"ఏదీ, జూపియ్యి" అన్నాను.

తెర మీద మూడు, ఐదు. పిల్ల పైకి మూడు, పక్కకు ఐదు లెక్కపెట్టింది. పగిలింది.

సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచా నడిపినవాణ్ని, మరమగ్గాన్ని మేమట్లాగే అంటాం. "గిది బట్టనే బిడ్డా. ముందు పడుగు, తర్వాత పేక. పడుగు నిలువు, పేక అడ్డం. పైకే పో" అన్నాను. మళ్లీ పగిలింది.

"నీ నూరు మార్కులు ఏడికి పోయినయ్ తాతా?"

భుజం మీది తువ్వాలను ఒళ్లో పరిచాను. తెగిన పోగును అతకడానికి నా చెయ్యి ఎటు పోయేదో అప్పుడు గుర్తొచ్చింది.

"పోగు నిలువుగనే ఉంటది. కని మూడో పోగు కాడికి పోవాల్నంటే పక్కకు జరగాలె. ఆడికెళ్లి పేకలు లెక్కవెట్టుకుంట పైకి."

"మూడో పోగు, ఐదో పేక" అని నొక్కింది. రాయి పేలింది.

"మరి మైనస్?"

"సున్నా నడిమి పోగు. ఎడమ దిక్కు పోగులన్నీ మైనస్."

తర్వాతి మెట్టులో అంకెలు పోయి, వై సమానం ఎక్స్ ప్లస్ రెండు అని వచ్చింది. నేను దగ్గాను. పిల్ల తువ్వాల మీద వేలు కదిపింది. "ఒకటో పోగుకు మూడో పేక, రెండో పోగుకు నాలుగోది... తాతా, గిది ఏటవాలు గీత." అది నేను చెప్పలేదు. చెప్పానని వీధిలో అన్నాను గానీ, చెప్పలేదు.

ఆట ఆపి నా వైపు చూసింది. "నూరొచ్చినోనివి, మొదలు తప్పెందుకు చెప్పినవ్?"

"నూరు కాదు బిడ్డా. పదమూడు. తప్పిన. గందుకే సాంచాల మీదికొచ్చిన."

ఫోన్ పక్కన పడేసింది. కోపమొచ్చిందనుకున్నాను.

"నాకు పందొమ్మిదొచ్చినయ్" అంది. పెదవులు బిగబట్టినా నవ్వు ఆగలేదు. "నువ్వు ఎక్స్, నేను వై. వై సమానం ఎక్స్ ప్లస్ ఆరు."

సోమవారం పొద్దున చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలో ఆగింది.

"మరి గా జీపు?"

"జీపు లేదు. ఇన్‌స్పెక్టర్ సైకిల్ మీదొచ్చిండు."

"తాతా."

"రాలే బిడ్డా. ఎవ్వలు రాలే."

బ్యాగు భుజానికెత్తుకుని పరీక్షకు పోయింది.