మెడ ఉన్న తూటా

ఈ సంగతి రాసిపెట్టడానికి కారణం ఒక్కటే. మా తెలుగు చర్చిలో ఒక మాట నడుస్తోంది: పాపం, అంకుల్‌ని ఆ తెల్లవాళ్లు తమతో వేటకు రానివ్వలేదట, అందుకే ఒక్కడే మంచులో పడి వెళ్లాడట. ఆ అంకుల్‌ని నేనే. ఆ మాట అబద్ధం. అది పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కాదని చెప్పలేదు. ఒక మంచి మనిషి మీద పడిన మచ్చను నోటితో తుడవడం నాకు చేతకాలేదు కాబట్టి కాగితం మీద ప్రయత్నిస్తున్నాను.

అమెరికాలో నోవై అనే ఊళ్లో కారు విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో నాది కొలతలు చూసే పని. నా చదువు పాలిటెక్నిక్ డిప్లొమాతో ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా లైబ్రరీ చదువే. ఇల్లు కొనేముందు పునాదుల గురించి చదివాను. మా ఆవిడకు షుగరు వచ్చినప్పుడు దాని గురించి ఎంత చదివానంటే, మీరు ఎక్కడ మెడిసిన్ చేశారని డాక్టరుగారే ఒకసారి అడిగారు. ఈ మాట నేను చాలామందికి చెప్పాను. ఇప్పుడు మీకూ చెప్పాను.

ఆ ఏడాది మా ఆవిడ దూరాన ఇర్వింగ్‌లో, అమ్మాయి ఇంట్లో ఉంది. అమ్మాయికి పురుడు పోయడానికి నెలరోజులని వెళ్లి, అమ్మాయి మళ్లీ ఉద్యోగంలో చేరడంతో బిడ్డను చూసుకుంటూ అక్కడే ఉండిపోయింది. నేను పని నుంచి లైబ్రరీకి, లైబ్రరీ నుంచి ఇంటికి. ఆదివారం చర్చి. సింకులో రోజూ అదే కంచం, అదే గ్లాసు. కొన్ని శనివారాలు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా గడిచిపోయేవి. ఆదివారం పాట అందుకోబోతే గొంతు పట్టేసి ఉండేది.

కంపెనీలో మధ్యాహ్నం నా ఎదురుగా కూర్చుని తినే ఒక పెద్దాయన ఉన్నాడు. అరవై దాటిన అమెరికన్. ఇక్కడికి గంట దూరంలో, దక్షిణాన, ఆయనకు తాతలనాటి పొలం ఉంది. జూలైలో ఒకరోజు శాండ్‌విచ్ నములుతూ అడిగాడు.

"నవంబర్‌లో ఏం చేస్తుంటావ్?"

"పని. చదువుకోవడం."

"మా పొలానికి రా. జింకల సీజన్ మొదలయ్యే రోజున నలుగురం కలుస్తాం. ఒకడు ఫ్లోరిడా వెళ్లిపోయాడు. కుర్చీ ఖాళీగా ఉంది."

"నాకు తుపాకీ పట్టడం రాదు."

"కూర్చోవడం వచ్చుగా?"

ఇంటికొచ్చి మా ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను.

"మీరా? జింకనా? కోడిని కొయ్యమంటే పెరటి గోడ దూకి పారిపోయిన మనిషి!"

"దాని గురించి చదువుతానులే."

"ఆఁ, ఆ జింక కూడా చదువుకునే వస్తుందేమో. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి."

నిజంగానే చదివాను. మా లైబ్రరీలో ఉన్నవి చాలలేదు. అక్కడ పనిచేసే ఒకావిడ వేరే ఊళ్ల లైబ్రరీల నుంచి పుస్తకాలు తెప్పించి, నా పేరు రాసిన చీటీ చుట్టి అరలో పెట్టేది. జింకకు ఏ తూటా సరైనదన్న ఒక్క ప్రశ్నకు ఇన్ని పుస్తకాలుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. తూటా అంటే ఇత్తడి గొట్టం, దాని లోపల మందు, మూతి దగ్గర గుండు. గుండు సన్నగా ఉంటే వేగంగా, తిన్నగా చాలా దూరం పోతుంది. బాగా లావైతే జింక కన్నా ముందు మన భుజమే విరుగుతుంది. ఈ రెండింటికీ మధ్యలో, అంగుళంలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా లావుండే వాటిని మీడియం బోర్ అంటారు. దట్టమైన అడవిలో, వంద గజాల లోపు, జింకను ఎక్కువసేపు బాధపెట్టకుండా పడగొట్టాలంటే వీటికి సాటి లేదని పాత రచయితల మాట. బరువైన గుండుకు చిన్న కొమ్మలు తగిలినా దారి తప్పదని కూడా రాశారు. అది ఉత్త నమ్మకమని తర్వాతి పుస్తకాలు కొట్టేశాయి. ఆ వాదన రెండువైపులా నోట్సు రాసుకున్నాను.

చివరికి ముప్పై అయిదు క్యాలిబర్‌లో, అంటే ఆ మధ్యరకం లావులోనే, ఒక పాత తూటా దగ్గర ఆగాను. గొట్టం పైకి వచ్చేసరికి సీసా మెడలాగా కొంచెం సన్నబడుతుంది. భుజానికి పెద్ద తన్ను లేదు, పెద్ద వేగం లేదు. నూరేళ్లుగా ఈ అడవుల్లో పనిచేస్తూ వచ్చిన తూటా. దాని గురించి చదువుతుంటే నా వయసు మనిషి గురించి చదువుతున్నట్టే ఉండేది.

"ఏం కొంటున్నావ్? కొనేముందు నాకు చెప్పు" అని పెద్దాయన రెండుసార్లు అన్నాడు.

"ఇంకా చదువుతున్నాను" అన్నాను. అప్పటికే తేల్చుకున్నాను. కానీ ముందే చెప్పేస్తే ఏముంది? పొలంలో బల్ల మీద ఆ తూటా నిలబెట్టి, ఇదే ఎందుకో మొదటి నుంచీ వివరించాలని నా కోరిక. నేను చెబుతుంటే ముగ్గురు కూర్చుని వినే చోటు నాకు చాలాకాలంగా లేదు.

కొట్టులో తుపాకులమ్మే అతను "ఎక్కడ వేటాడతారు?" అని అడిగాడు. "అడవిలో, వంద గజాల లోపు" అని పుస్తకం ప్రకారం జవాబు చెప్పాను. అయితే ఇది బాగా పనికొస్తుందని, మీట లాగి తూటా ఎక్కించే పాత రైఫిల్ ఒకటి తీసిచ్చాడు. సేఫ్టీ క్లాసు పూర్తిచేశాను, లైసెన్స్ తీసుకున్నాను. లైసెన్స్‌తోపాటు నియమాల పుస్తకం ఒకటి ఊరికే ఇచ్చారు. పల్చటి కాగితం, మధ్యమధ్య ప్రకటనలు. దాన్ని పుస్తకంగా లెక్కపెట్టలేదు. తెరవకుండా కారులో పడేశాను.

సీజన్‌కు ముందు శనివారం గురి సరిచూసుకోవడానికి పొలంలో కలిశాం. పెద్దాయన, ఆయన బావమరిది, పక్క పొలం రైతు. షెడ్‌లో పొయ్యి, బల్ల, నాలుగు కుర్చీలు. నాలుగోది నాకని తుడిచిపెట్టారు. తూటా బల్ల మీద నిలబెట్టి పది నిమిషాలు మాట్లాడాను. ముగ్గురూ మధ్యలో ఒక్క మాట అడ్డురాకుండా విన్నారు. అంత హాయి నేను ఈ దేశంలో ఎక్కువసార్లు ఎరగను.

నేను ఆపాక పెద్దాయన తూటా చేతిలోకి తీసుకుని బొటనవేలితో దాని మెడ తడిమాడు.

"ఇక్కడ ఇది కుదరదు, బడ్డీ. ఈ దక్షిణపు కౌంటీల్లో జింకలకి మెడ లేనివే వాడాలి. గొట్టం కింది నుంచి పైదాకా నిటారుగా ఉండాలి. అది రూలు."

"ఏ పుస్తకంలోనూ లేదే?"

"లైసెన్స్‌తో ఇచ్చినదాంట్లో ఉంది."

"ఊళ్లో ఉన్న పుస్తకాలన్నీ చదివి, ఊరికే ఇచ్చింది చదవలేదా ప్రొఫెసర్?" అన్నాడు బావమరిది. ముగ్గురూ నవ్వారు. అది తమవాడిని చూసి నవ్వే నవ్వని నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు చెవులు మండిపోయాయి.

పెద్దాయన బల్ల కింద నుంచి ఒక తూటాల పెట్టె లాగాడు. "దీనికింత ఆలోచన ఎందుకు? మేమంతా ఒకే రకం వాడతాం. ఎవడి దగ్గర అయిపోయినా ఈ పెట్టెలోంచే తీసుకుంటాడు. ఫ్లోరిడావాడి రైఫిల్ ఇక్కడే ఉంది. పట్టుకో."

వాళ్లు తూటా ఎంచుకున్న పద్ధతి అది. ఒక పెట్టె, నలుగురు మనుషులు. ఏ పుస్తకంలోనూ ఆ లెక్క లేదు. చెయ్యి చాపి తీసుకుంటే సరిపోయేది. నేను నా తూటాను జేబులో వేసుకున్నాను.

"ఇది ఉత్తరాన చెల్లుతుందా?"

"చెల్లుతుంది. కానీ అక్కడ నీకు ఎవరున్నారు?"

"ఎవరూ అక్కర్లేదు" అన్నాను.

సీజన్ మొదలయ్యే రోజున మూడు గంటలు ఉత్తరానికి డ్రైవ్ చేసి, అందరికీ అనుమతి ఉన్న ఒక అడవిలో, వేటగాళ్లు వేసుకోవాల్సిన నారింజ రంగు చొక్కా తొడుక్కుని ఒక స్ప్రూస్ చెట్టుకు ఆనుకుని కూర్చున్నాను. మంచు పడుతోంది. దూరంగా ఎవరివో తుపాకులు పేలాయి, ఆగిపోయాయి. పది గంటలప్పుడు ఒక కొమ్ముల జింక డెబ్బై గజాల్లో పక్కకు తిరిగి నిలబడింది. పుస్తకాల్లో చెప్పినచోటే కొట్టాను. నాలుగు అడుగులు వేసి పడిపోయింది. పాత రచయితలు ఒక్క ముక్క తప్పు రాయలేదు.

దాని పక్కన కూర్చుని ఫోన్ చేశాను. అవతల పసిబిడ్డ ఏడుపు. "కొట్టారా? నిజంగానా? ఉండండి, దీన్ని పడుకోబెట్టి చేస్తాను" అంది మా ఆవిడ.  తర్వాత లైసెన్స్‌తో ఇచ్చిన ట్యాగ్ దానికి కట్టి, పొట్ట శుభ్రం చేసి, తాడు కట్టి లాగడం మొదలుపెట్టాను. ఒక్కడు లాగడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ రాయలేదు. ఇరవై అడుగులు, ఆగడం. ఇరవై అడుగులు, ఆగడం. కారు కనపడేసరికి వెలుతురు తగ్గిపోతోంది. ఇద్దరుంటే గంట పని. ఆ దారంతా నేను అనుకున్నది ఒక్కటే: ఎవరైనా చూసి, బాగా కొట్టావు అంటే బాగుండునని.

తర్వాతి ఆదివారం ఆ మాంసం కూర వండి చర్చి భోజనాలకు తీసుకెళ్లాను. ఒకావిడ గిన్నె మూత తీస్తూ అడిగింది.

"ఒక్కరే వెళ్లారా అన్నయ్యగారూ? ఎవరో తీసుకెళ్తానన్నారన్నారు కదా?"

"కుదరలేదమ్మా."

"నేను అనుకుంటూనే ఉన్నాను. ఎంతైనా వాళ్లు వాళ్లే."

నేను అన్నం వడ్డించుకుంటూ నవ్వి ఊరుకున్నాను. కాదు, వాళ్లు రమ్మన్నారు, నేనే వెళ్లలేదు అనాలి. అంటే ఎందుకని అడుగుతారు. తెరవని ఆ నియమాల పుస్తకం సంగతి చెప్పాల్సి వస్తుంది.

పెద్దాయన సోమవారం అన్నీ అడిగాడు. ఎన్ని గజాలు, ఎక్కడ తగిలింది, ఎంత దూరం పోయింది. "మంచి తూటా" అన్నాడు. ఆ మరుసటి ఏడు అక్టోబరంతా ఆయన మళ్లీ పిలుస్తాడని ఎదురుచూశాను. చివరికి నేనే, ఈసారి పొలంలో ఎవరెవరని అడిగాను.

"మా బావమరిది కూతురు వస్తానంటోంది. నువ్వు ఉత్తరానికేగా?"

"అవును" అన్నాను.

ఇందులో నాకు సాయపడినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఊరూరి నుంచి పుస్తకాలు తెప్పించిన లైబ్రరీ ఆవిడకు. అడగాల్సిన ప్రశ్నే అడిగిన తుపాకుల కొట్టు అతనికి. బిడ్డను పడుకోబెట్టి తిరిగి ఫోన్ చేసి, మొత్తం కథ రెండుసార్లు చెప్పించుకున్న మా ఆవిడకు. నవ్విన బావమరిదికి, పక్క పొలం రైతుకు. అందరికన్నా ఎక్కువగా పెద్దాయనకు. పేర్లతో సహా రాద్దామనుకున్నాను. అడిగితే ఆయన చేతులు అడ్డం పెట్టాడు. "నా పేరు వేశావంటే మీ చర్చి మొత్తం నా పొలంలో దిగుతుంది" అన్నాడు.

ఆ దిగేవాళ్లలో నేనూ ఉండొచ్చా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఈలోగా ఆయన భోజనం డబ్బా మూతపెట్టి లేచాడు. నేనూ లేచాను.