కొసరు లేని ఐదొందల గంటలు

పైలట్‌నయ్యాక నేను మొదట నడిపింది స్కూటరు. రెండేళ్లు అదే నడిపాను. కమర్షియల్ లైసెన్సు బీరువాలో భద్రంగా ఉండేది. నేను మాత్రం మా నాయన లారీల బిల్లులు పట్టుకుని నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు, ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు తిరుగుతుండేవాణ్ణి. రెండువేల దశకం మధ్యలో విమానాల కంపెనీలు వరసపెట్టి మొదలవుతున్నాయనీ, పైలట్లు దొరక్క అల్లాడుతున్నాయనీ పేపర్లో చదివి ఈ చదువుకు దిగాం. చదువు పూర్తయ్యేసరికి అల్లాడడం మా వంతు అయింది. చిన్న విమానం మీద రెండొందల గంటలు తిరిగినవాణ్ణి ఏ కంపెనీ గుమ్మం తొక్కనివ్వలేదు. అనుభవం కావాలన్నారు. అనుభవం ఎక్కడ దొరుకుతుందండీ అని అడిగితే, ఉద్యోగంలో చేరితే దొరుకుతుందన్నారు.

నంద్యాలలో ఈ లెక్క ఎవరికీ ఎక్కేది కాదు. లైసెన్సు ఉంది, మనిషి ఉన్నాడు, మరి విమానం ఏది? మా షెడ్డు పక్కన టీ అంగడాయన రోజూ పొద్దున్నే విచారించేవాడు.

"ఈపొద్దు గూడ విమానం లేదా అప్పా?"

"లేదన్నా."

"బస్సులే టయానికి రాకుండాయి. విమానం యాడొస్తాదిలే" అని గ్లాసు చేతికిచ్చేవాడు.

మా నాయనకు అప్పట్లో మూడు లారీలు. కొలిమిగుండ్ల వైపు నుంచి నాపరాళ్లు, నంద్యాల నుంచి బియ్యం తోలేవాడు. క్లీనరుగా మొదలై, డ్రైవరై, ఆ తర్వాత ఓనరైన మనిషి. లారీకి నొప్పి చేస్తే తప్ప నోరు విప్పేవాడు కాదు. రెండేళ్లు పైసా సంపాదించకుండా ఇంట్లో తింటున్నా నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

మాటలన్నీ మా మేనమామ వంతు. ఆయనకు ఆళ్లగడ్డలో మోటారు స్పేర్ పార్టుల అంగడి ఉండేది. భుజాల మీద పట్టీలతో, తెల్ల చొక్కాతో నేను దిగిన ఫొటోను ఫ్రేము కట్టించి ఆయిలు డబ్బాల పైన తగిలించాడు. వచ్చిన ప్రతివాడికీ మా అల్లుడు విమానంలో ఉండాడని చెప్పేవాడు. ఆ సమయంలో నేను అదే అంగట్లో లోపలి గదిలో బేరింగులు తుడుస్తూ ఉండేవాణ్ణి. "రొవ్వంత సేపు బయటికి రావాకు అల్లుడూ, ఇప్పుడే నిన్ను సింగపూరు పంపిచ్చినా" అనేవాడు గుసగుసగా.

అలా ఉండగా హైదరాబాదు ఏజెంటు ఒకాయన తగిలాడు. సముద్రం అవతల ఏదో దీవుల దేశంలో విమానాల చిన్న కంపెనీ ఒకటి ఉందట. వాళ్ల జెట్ విమానంలో కుడి సీటు ఇస్తారట. ఐదొందల గంటలు నడిపితే ఆ తర్వాత ఎవరైనా కళ్లకద్దుకుని ఉద్యోగం ఇస్తారట. జీతం ఉండదు. పైగా ఆ గంటలకు మనమే డబ్బు కట్టాలి.

ఇది మా నాయనకు చెప్పడానికి వెళ్లాను. ఆయన లారీ కింద పడుకుని గ్రీజు పెడుతున్నాడు. కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. ముఖం కనబడని సమయం చూసుకునే వెళ్లానని ఒప్పుకోవాలి.

"ఇంగోసారి చెప్పు" అన్నాడు లోపల్నుంచి.

"వాళ్ల విమానం నేను నడపల్ల నాయనా. నడిపినందుకు మనమే దుడ్లు కట్టల్ల."

"జనాలు టికెట్టు కొనుక్కోరా?"

"కొనుక్కుంటారు."

"జనాలూ దుడ్లిస్తారు, డ్రైవరూ దుడ్లిస్తాడు. మరి ఓనరు ఏం జేస్తాడురా?"

"తీసుకుంటాడు నాయనా."

"మంచి లైను. తెలీక లారీలు కొంటిమే" అన్నాడు.

అంతవరకు నవ్వులాటే. తర్వాత కాళ్లు కదలడం ఆగిపోయింది. ఎందుకో నాకు తెలుసు. లారీ లైనులో ఒక రహస్యపు ఆనవాయితీ ఉంది. డ్రైవింగు నేర్చుకోవాలనుకున్న క్లీనరు తనకు రోజు ఖర్చుకిచ్చే బత్తా డబ్బులు డ్రైవరుకు ఇచ్చేస్తాడు, అప్పుడప్పుడు బిర్యానీ తెచ్చిపెడతాడు. దానికి ప్రతిగా డ్రైవరు, రోడ్డు ఖాళీగా ఉన్నచోట కాసేపు స్టీరింగు ఇస్తాడు. ఓనర్లంతా చూసీ చూడనట్టు ఉంటారు. మా నాయన షెడ్డులో మాత్రం ఆ సంగతి బయటపడితే ఇచ్చినవాణ్ణీ తీసుకున్నవాణ్ణీ ఇద్దర్నీ ఆ పూటే పంపించేసేవాడు. ఎందుకంత పట్టుదలో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇప్పుడు ఆయన కొడుకే బత్తా ఇచ్చి స్టీరింగు పట్టుకుంటానని వచ్చి నిలబడ్డాడు.

వారం రోజులు మా అమ్మ అన్నం పెట్టేటప్పుడు గిన్నెలు గట్టిగా పెట్టేది. మామ ఆళ్లగడ్డ నుంచి రోజు మార్చి రోజు వచ్చి, పిల్లోని బతుకు బావా, పిల్లోని బతుకు అని తిరిగి బస్సెక్కేవాడు. ఎనిమిదో రోజు మా నాయన మూడు లారీల్లో రెండు అమ్మేశాడు. "నా రూలు నేనే తొక్కినా. పో" అన్నాడు. నేను సంతోషపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే తల దించుకోవాల్సినంత సంతోషపడ్డాను.

డబ్బు కట్టడానికి మామ నా వెంట హైదరాబాదు వచ్చాడు. ఆయన జన్మలో కొసరు అడగకుండా ఏదీ కొన్న మనిషి కాదు. బెండకాయలు కొన్నా అంతే, బంగారం కొన్నా అంతే. ఏజెంటు గదిలో ఏసీకి వణుకుతూ కాగితాలన్నీ చదివినట్టు తిరగేసి, "సరే సార్, ఐదొందల గంటలు. దీనికి కొసరు ఎంతేస్తారు?" అన్నాడు.

ఏజెంటుకు అర్థం కాలేదు. మామ ఓపిగ్గా వివరించాడు.

"మా అంగట్లో డజను నట్లు కొంటే ఇంగొకటి ఏస్తాం సార్. మీరు ఐదొందలకు పది గంటలన్నా ఎక్కువ ఎయ్యల్ల కదా."

"గంటలకు కొసరు ఉండదండీ."

"అట్లయితే రేటన్నా తగ్గించండి. మావోణ్ణి చూడండి, ఎంత సన్నగుండాడో. బండికి బరువు లేదు, మీకు ఆయిలు కలిసొస్తాది."

నేను గోడ మీది విమానం బొమ్మలోకి దూరిపోదామా అనుకున్నాను. చివరికి ఏజెంటు ప్రాణం విసిగి, కంపెనీ గుర్తు ఉన్న నల్ల బ్యాగు ఒకటి ఇచ్చాడు. మామ దాన్ని ఆళ్లగడ్డ దాకా ఒళ్లో పెట్టుకుని వచ్చి, అంగట్లో నా ఫొటో పక్కన తగిలించాడు. నేను నా పాత బ్యాగుతోనే సముద్రం దాటాను.

అక్కడికి వెళ్లాక నాకు తెలిసింది, ఆ విమానంలో అందరికన్నా ఎక్కువ టికెట్టు పెట్టింది నేనేనని. ప్రయాణికులు ఒక్కసారికి కట్టారు, నేను ఐదొందల గంటలకు కట్టాను. కాఫీలు పంచే అమ్మాయిలకు జీతం ఉంది, విమానం ఊడ్చే ఆయనకు జీతం ఉంది. నాకు లేదని ఆ ఊడ్చే ఆయనకూ తెలుసు. అందుకేనేమో, నా సీటు కింద ఊడ్చేటప్పుడు నన్ను తొందరపెట్టేవాడు కాదు.

నన్ను ఎక్కువగా ఒకే కెప్టెన్‌తో వేసేవారు. యాభై దాటినాయన, మాట తక్కువ. మొదటి రోజే చెప్పాడు. ఆ కుడి సీట్లో తనతో ఆరేళ్లు కూర్చున్న మనిషిని, జీతం ఇవ్వాల్సి వస్తోందని తీసేసి, నాలాంటివాళ్లను పెట్టుకున్నారట. "రేడియో చూసుకో, చక్రాలు దించమంటే దించు, మిగతావి ముట్టుకోకు" అన్నాడు. నేను తలూపాను. గంట గడిచాక గంటలు రాసుకునే నా పుస్తకంలో ఆయన సంతకం పెడితేనే అది గంట కింద లెక్క. అందుకని ఆయన తుమ్మినా తలూపేవాణ్ణి.

నూటెనభై గంటలు అలా తలూపాక ఒక వాన రోజు వచ్చింది. దిగేటప్పుడు ఫలానా ఎత్తుకు వచ్చేసరికి విమానం వేగం, వాలు అన్నీ కుదిరి ఉండాలి. కుదరకపోతే ఇద్దరిలో ఎవరైనా "గో అరౌండ్" అనాలి. అంటే ఇప్పుడు దిగొద్దు, పైకి లేపి చుట్టు తిరిగి రా అని. కుడి సీటువాడన్నా ఎడమ సీటువాడు వినాలి, అది నియమం. ఆ రోజు వేగం చాలా ఎక్కువుంది. రన్‌వే తడిగా ఉంది. నాకు కనబడుతూనే ఉంది. మాట గొంతు దాకా వచ్చింది. అక్కడ ఆగి, మిగిలిన మూడొందల ఇరవై గంటల గురించి ఆలోచించింది.

రన్‌వే సగం దాటాక చక్రాలు ఆనాయి. రన్‌వే చివరి ఎర్ర దీపాలు ఎదురొస్తుంటే నేను కాళ్లు నేలకేసి తొక్కుతున్నాను, బ్రేకులు వేసే పని నాది కాకపోయినా. దీపాల ముందు విమానం ఆగింది. వాటి తర్వాత సముద్రమే. వెనక ప్రయాణికులు చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున ఇంటికి ఫోన్ చేశాను. నిమిషం దాటితే మా నాయన ఫోన్ అమ్మకిచ్చేసేవాడు.

"ఏందిరా గొంతు అట్లుండాది?" అన్నాడు.

జరిగింది చెప్పాను.

"నువ్వేమంటివి?"

"ఏమనలేదు నాయనా."

ఫోన్ అమ్మకిచ్చేస్తాడనుకున్నాను, ఇవ్వలేదు.

"నేను క్లీనరుగా ఉన్నప్పుడు బత్తా అంతా డ్రైవరుకే ఇస్తాంటి" అన్నాడు. "ఒగ దినం సంజామల ఊర్లో ఆయప్ప బండి ఎనక్కి తీస్తాండాడు. నేను ఎనక నిలబడుకోని చూస్తాండా. గోడ కాడ ముసలాయన కూచోనుండాడు. బండి ఆపమని అర్సల్ల. అరిస్తే ఆయప్పకు కోపమొచ్చి మల్లా స్టీరింగు ఇయ్యడేమోనని రొవ్వంత సేపు ఆలోచన జేస్తి."

"ముసలాయనకేమైంది?"

"కాలు తీసేసినారు. క్లీనరుకు పనేందిరా, అరిసేదే కదా. దుడ్లిచ్చినోడు అరవడు. మన షెడ్లో ఆ రూలు అందుకే. నువ్వు అడిగినప్పుడు గూడ యాదికొచ్చింది. అయినా అమ్మితి."

ఆ రోజు ఆయన ఐదు నిమిషాలు మాట్లాడాడు. నాకు సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువ భయమేసింది, ఆ రొవ్వంత సేపు ఎంతో నాకు తెలుసు కాబట్టి.

మూడు వారాల తర్వాత అదే రన్‌వే, అదే వాన, ఎడమ సీట్లో అదే కెప్టెన్. ఈసారీ వేగం తగ్గలేదు. "గో అరౌండ్, కెప్టెన్" అన్నాను. ఆయన వినలేదు. మళ్లీ అన్నాను. మూడోసారి అనేటప్పుడు కాఫీ అమ్మాయిలకు కూడా వినబడి ఉంటుంది. ఆయన నా వైపు చూడకుండానే లీవర్లు ముందుకు తోశాడు. విమానం పైకి లేచింది. చుట్టు తిరిగి వచ్చి, పద్ధతిగా దిగాం.

దిగాక ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని, "ఇంతకుముందు ఆ సీట్లో కూర్చున్నవాడైతే మొదటి వానకే అనేవాడు" అన్నాడు. అది మెచ్చుకోలనుకున్నాను. సాయంత్రానికి నా మీద ఫిర్యాదు రాసిచ్చాడు. కెప్టెన్ మీద నమ్మకం లేని మనిషినట. మామ హైదరాబాదులో చదివినట్టు తిరగేసిన కాగితాల్లో ఒకచోట, ఇలాంటప్పుడు మిగిలిన గంటలూ ఉండవు, డబ్బూ రాదు అని ఉందట. ఆఫీసువాళ్లు వేలు పెట్టి చూపించారు.

నంద్యాల షెడ్డుకు చేరేసరికి మామ అప్పటికే ఆళ్లగడ్డ నుంచి వచ్చి కూర్చుని ఉన్నాడు. మూడు లారీల చోట ఒక్క లారీ ఉంది. దాని కింద మా నాయన ఉన్నాడు.

"ఎన్ని గంటలు మిగిలినాయి?" అన్నాడు మామ.

"మూడొందల దగ్గర."

"వాటిని ఇంగొక పిల్లోనికి అమ్ముకునేకి కాదా?"

"కాదు మామా."

"నోరు మూసుకోని కూచునేకి నీకేమాయె అల్లుడూ? సినిమా హాల్లో మూడు గంటలు కూచోవా? అట్లనే అనుకుంటే అయిపోయేది కదా. ఇప్పుడు ఆ ఫొటో నేను తీసెయ్యల్లనా, ఉంచల్లనా?"

"బావా, గమ్మునుండు" అని లారీ కింద నుంచి వినబడింది. మా నాయన మామను గద్దించడం అదే మొదటిసారి.

కాసేపటికి మా నాయన బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ నా ఎదుట నిలబడ్డాడు. రెండు లారీల సంగతి అడుగుతాడని నేను గుండె రాయి చేసుకున్నాను.

"బండ్లో ఎంతమంది ఉండారు?" అన్నాడు.

"నూట నలభై దాకా."

"వాళ్లకు తెలుసునా?"

"తెలీదు నాయనా. లేటయిందని తిట్టుకుంటా దిగినారు. ఒకాయన నా మొగం మీదే తిట్టినాడు."

మా నాయన గ్రీజు గుడ్డను భుజాన వేసుకున్నాడు.

"తిట్టనీలే" అన్నాడు. "దిగినారు కదా."