చాచా దూదిలో ఎవరి నీళ్లు

మా మామగారు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు కాటా వేసి వేసి రిటైరయ్యారు. ఇంట్లో తూచడానికేమీ లేక, తోచక, ఆ ఎండాకాలం వాకిలంతా సిమెంటు చేయించారు. తొంభైల మొదట్లో బోధన్‌లోని మా గల్లీకి అదే మొదటి సిమెంటు వాకిలి. చెప్పులు విడిచి దానిమీద అటూ ఇటూ కొత్త పెళ్లికొడుకులా నడిచేవారు.

నేనప్పుడు ఒక సర్కారు ఆఫీసులో చిన్న ఇంజనీర్‌ని. వర్ని, చందూర్, మోస్రా దిక్కు రోడ్ల కింద తూములు ఎంత వెడల్పుండాలో లెక్కగట్టేదాన్ని. వాన పడితే ఏ నేల ఎంత తాగుతుంది, ఎంత వదిలేస్తుంది అన్నదే ఆ లెక్క. మట్టి దాహం గురించి ఆలోచించమని జీతమిస్తే కాదనేదెవరు?

"మామా, మట్టి వాకిలైతే కొన్ని నీళ్లన్న తాగుతది. సిమెంటు తాగది. వాననంత బయటికే తోల్తది," అన్నాను.

"తోలనియ్యి. ఇంట్ల ఉంచుకొని మనమేం జేస్తం?" అన్నారాయన.

ఆషాఢంలో మొదటి గట్టివాన పడింది. మా ఇంటికి దిగువన పరుపులు కుట్టే చాచా ఇల్లు. పెళ్లిళ్ల పరుపుల కోసం ఏకిన దూది ఆయన ముందుగదిలో కుప్పలుగా ఉంది. వాన వెలిసేసరికి అది చెరువులో ముంచి తీసిన గొర్రెల మందలా తయారైంది. చాచా తడిసిన పరుపొకటి భుజాన వేసుకొని, నీళ్లు కారుతుండగానే గల్లీ మధ్యలో నిలబడ్డారు.

"ఎవరి నీళ్లివి? నాకు పేరు కావాలె!"

ఎగువన ఉన్నవి మూడే. మా వాకిలి, బీడీలు చుట్టే అక్క ఇంటి రేకులు, వాటి పక్కన ఖాళీగా పడున్న నల్లరేగడి జాగా.

"నా రేకులు ఎంత, వాటి నీళ్లెంత? బీడీల చాట మీద పడ్తే చాట నిండది," అంది అక్క.

"గా ఖాళీ జాగ నీళ్లే గివి," అన్నారు మామగారు. ఆ జాగా ఓనర్ నిజామాబాద్‌లో ఉంటాడు. మేమెవరమూ ఆయన మొహం చూడలేదు. అందుకే నెపం ఆయన మీద వేయడానికి అందరూ ఇట్టే ఒప్పుకున్నారు, చాచా తప్ప.

"బేటీ, నువ్వు నీళ్ల ఇంజనీర్‌వి కద. జర్ర లెక్క జెప్పు," అన్నారాయన నా వైపు తిరిగి.

"ఎందుకు చెప్పది? మా కోడలు సర్కారుకే లెక్క చెప్తది," అని మామగారు ఛాతీ విరిచి, టేపు రెండో కొన తానే పట్టుకున్నారు.

మూడూ కొలిచాను. రేకులు దాదాపు వాననంతా వదిలేస్తాయి, కానీ ఆ కప్పు చిన్నది. సిమెంటు మీద పది బిందెలు కురిస్తే తొమ్మిది బయటికొస్తాయి, పైగా మా వాకిలి పెద్దది. నల్లరేగడి ఎండలకు చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి ఉంది. మొదటి వాన మొత్తం ఆ నెర్రెల్లోకే పోయింది.

"సగం కంటే ఎక్కువ మనయే, మామా. మిగిలినయి అక్క రేకులయి. నల్లరేగడి ఏం జెయ్యలే," అన్నాను.

మామగారు టేపు వదిలేశారు. అది సర్రున వచ్చి నా వేలికి తగిలింది.

ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడటం మానేశారు. నేను పక్కనే కూర్చుని ఉన్నా, "నీ కోడల్ని ఉప్పు ఇయ్యమను," అని అత్తతో చెప్పేవారు. కొన్నాళ్లు ఓపిక పట్టిన అత్త ఒకనాడు గిన్నె కింద పెట్టి, "మీ ఇద్దరి నడుమ నేనేమన్న తూమునా?" అంది. నాకు నవ్వాగలేదు. మామగారు లేచి ఉప్పు తానే తెచ్చుకున్నారు.

శ్రావణంలో ముసురు పట్టింది. చాచా ఇంట్లోకి మళ్లీ నీళ్లొచ్చాయి, ఈసారి ఇంకా ఎక్కువ. పొద్దున్నే గొడుగు కింద నుంచి మామగారి కేక వినపడింది.

"కోడలా! నీ ఏం జెయ్యని భూమిని వచ్చి సూడు!"

పరుగెత్తాను. నల్లరేగడి ఉబ్బి, నెర్రెలన్నీ మూసుకుపోయి ఉంది. దాని మీద పడిన నీరు పడినట్టే చాచా గుమ్మంలోకి జారుతోంది. మామగారి మొహంలో పండగ కళ కనిపించింది.

"మొన్న నేను చెప్పింది ఎండిన నేల లెక్క, మామా. గిప్పుడు దాని కడుపు నిండింది. ఇంక తాగది."

"అంటే మన వాటా తగ్గినట్టేనా?"

"వాటా తగ్గింది. మన నీళ్లు తగ్గలే."

ఆయన గొడుగు తిప్పుతూ మా వాకిలి అంచుదాకా నడిచారు. పక్క బండి పెద్దదైనంత మాత్రాన మన బండి బరువు తగ్గదని చెరుకు కాటా వేసిన ఆయనకు చెప్పాల్సిన పనిలేదు.

వాన తెరిపివ్వగానే గడ్డపార పట్టుకొని, వాకిలి దిగువ అంచున మూరెడు వెడల్పు సిమెంటు తానే పగలగొట్టారు. మధ్యమధ్యలో నన్ను తిట్టారు, అదీ అత్త సాయం లేకుండా, నేరుగా నన్నే. అక్కడ కాలువ తవ్వి, కంకర పోసి గల్లీ మోరీలో కలిపాం. అక్క తన రేకుల చూరుకు గొట్టం కట్టించి అందులోకే వదిలింది. ఖాళీ జాగా అంచున అందరం కలిసి గట్టు పోశాం. ఓనర్‌ను ఎవరమూ అడగలేదు.

ఆ వానాకాలం చాచా గుమ్మంలోకి మళ్లీ నీళ్లు రాలేదు. మరుసటి ఎండాకాలం పక్కగల్లీలో ఒకాయన వాకిలికి సిమెంటు కలుపుతున్నాడని తెలిసి మామగారు వెళ్లారు. కాసేపటికి గొంతు బొంగురు పోయి తిరిగొచ్చి, "అంచున మట్టి ఇడిసి పెట్టిపిచ్చిన. చాయ్ పెట్టు," అన్నారు నాతో.